ముప్పైమూడు కిలోల తెర

మా నాయన బళ్లారి బజారులో ఇత్తడి, రాగి, స్టీలు పాత్రలు అమ్మేవాడు. ఒకే కొలత బిందెలు రెండు ముందు పెడితే మెరుపు చూసేవాడు కాదు, నగిషీ చూసేవాడు కాదు. రెండింటినీ కాటా మీద పెట్టి, బరువైనదాన్ని కొనేవాళ్ల వైపు తోసేవాడు. "తేలికది రేకమ్మా. బరువైందే సామాను" అనేవాడు. ఆ మాట మా ఇంట్లో అందరికీ పట్టుకుంది. మేము తాళం కొన్నా, కుర్చీ కొన్నా చేత్తో ఎత్తి చూసి కొంటాం.

1974 మేలో నా పెళ్లికి ఆయన తన చేత్తో ఏరిన ఇత్తడి చెంబు ఒకటి నాతో పాటు అత్తవారి ఊరు తెక్కలకోటకు వచ్చింది. బరువు తొమ్మిది వందల గ్రాములు. అదే కొలత మామూలు చెంబు ఐదు వందలు దాటదు. 1986 శ్రావణంలో ఒక మధ్యాహ్నం మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని నా భర్త ఆ చెంబుతో నా మొహం మీద కొట్టాడు. విసరలేదు. చెంబును మెడ దగ్గర గట్టిగా పట్టుకుని, చెయ్యి వెనక్కి లాగి కొట్టాడు. దాని అంచు ఎడమ కంట్లో దిగింది. మజ్జిగ, రక్తం కలిసి గడప దాకా పారాయి. మా అత్త చెంబు తీసి, కొంగుతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసింది.

"సొట్ట గూడా పల్లేదే" అంది.

ఆ కన్ను మళ్లీ చూడలేదు. దానికి చూపు లేదని తెలిసిన రోజు నుంచి ఆయన ఎప్పుడూ నా ఎడమ వైపు నుంచే వచ్చేవాడు. అన్నం తింటుంటే, బట్టలు ఉతుకుతుంటే, నిద్రలో కూడా. దెబ్బ పడేవరకూ మనిషి ఉన్నట్టు తెలిసేది కాదు. చెర్నాకోలతో, చెప్పుతో, తలుపు గడియతో కొట్టాడు. నాలుగేళ్లు అలా గడిచాక, 1990లో, పొద్దున మొదటి బస్సుకు కట్టుబట్టలతో బళ్లారి చేరాను. నాయన అప్పటికే పోయాడు. అంగడి మా అన్నది.

మూడో రోజు నా భర్త వచ్చాడు. కులపెద్దలు నలుగురు అంగట్లో జంపఖానా మీద కూర్చున్నారు. అన్న ఇంకా మాట మొదలుపెట్టకముందే ఆయన లేచి అన్న నోటి మీద గుద్దాడు. రెండు పళ్లు జంపఖానా మీద పడ్డాయి. పెద్దలు నా భర్తను గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టి, నీళ్లిచ్చారు. తరువాత వాళ్లలో పెద్దాయన తీర్పు చెప్పాడు. దెబ్బ కొట్టినవాడికి నీళ్లివ్వడం నేను చూస్తూనే ఉన్నాను.

"ఆయమ్మ కూడు ఆయమ్మ సంపాదించుకున్నన్ని దినాలు ఈడ ఉండొచ్చు. అన్న మీద బరువు పడిన దినం మొగుని ఇంటికి పోవల్ల. ఏమప్పా, సమ్మతమేనా?"

అన్న నోటికి టవలు అడ్డం పెట్టుకుని తల ఊపాడు. ఆ రోజు నుంచి నా బతుకు ఆ ఒక్క మాట మీద నిలబడింది. సంపాదన ఆగిన రోజు నేను ఆ ఇంటికి, ఆ ఎడమ పక్క నుంచి వచ్చే చేతికి తిరిగి పోవాలి.

అంగడి మీద సామాను గది ఉంది. నిట్టనిలువుగా చెక్కమెట్లు. గంగాళాలు, బేసిన్ల దొంతరల మధ్య నాకొక మూల ఇచ్చారు. టైపు నేర్చుకున్నాను. తరువాత ఒక పాత కంప్యూటరు సంపాదించి ప్రెస్సులకు పేజీలు కూర్చి ఇవ్వసాగాను. పెళ్లిపత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, విత్తనాల సంచుల మీది రాతలు. కన్నడలో, తెలుగులో. పేజీకి ఇరవై రూపాయలు. వదినకు నెలనెలా నా తిండి ఖర్చు చేతిలో పెట్టేదాన్ని. ఆమె ఒద్దనలేదు, నేను ఆపలేదు.

ఆ కంప్యూటరుకు పద్నాలుగు అంగుళాల తెర. పేజీ మొత్తం కనబడేట్టు పెడితే అక్షరాలు ఆవగింజల్లా అయ్యేవి. అక్షరం చదవగలిగేంత చేస్తే పేజీలో పావు భాగమే కనబడేది. ఒక్క కన్నుతో, తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి ఆ పావును పైకీ కిందికీ లాగుతూ చేసేదాన్ని. 1998 మొదటికి కుడి కంట్లో నీళ్లు ఆగడం మానేశాయి. సాయంత్రానికి తలలో మేకు దిగినట్టుండేది, వాంతి అయ్యేది. ఒక ప్రశ్నపత్రంలో పటం వచ్చి ప్రశ్నల మీద కూర్చుంది, నేను చూడలేదు. ప్రెస్సాయన అచ్చయిన కాగితాలన్నీ తెచ్చి నా కాళ్ల దగ్గర కుప్ప పోసి, "ఇంకోసారి ఇట్లయితే వేరేవాళ్లను చూసుకుంటాంమ్మా" అన్నాడు.

కంటి డాక్టరు నా రెప్ప తిప్పి చూసి, "ఉన్న ఒక్కదాన్నీ ఎందుకు ఇట్ల చంపుతున్నారు? అక్షరం పెద్దదిగా చూడండి, చేతి దూరం నుంచి చూడండి. లేకపోతే ఆ పని ఆపండి" అన్నాడు.

"ఆపితే?"

"కంటికి మంచిదే."

కంటికి మంచిదే. నాకు కాదు.

ఈ సంగతి తెక్కలకోటకు ఎట్లా చేరిందో, చేరింది. వారం తిరగకుండా నా భర్త పాత్రలు కొనే మనిషి ఒకరితో కబురు పంపాడు. "ఆయమ్మ గదికి సున్నం కొట్టించినా. సిద్ధంగా ఉండాదని చెప్పు." ఆ గది నాకు తెలుసు. దాని తలుపుకు గడియ బయట వైపు ఉంటుంది.

నా దగ్గర ఉన్నది పద్నాలుగు వేలు. తొమ్మిది వేలు దాచినవి, ఐదు వేలు చీటీ పాడి తెచ్చినవి. మెజరు టేపు, ఒక ఫ్లాపీ సంచిలో వేసుకుని అంగళ్లు తిరిగాను. ఫ్లాపీలో నేను కూర్చిన పేజీ ఒకటి, అన్నిటికంటే చిన్న అక్షరాలున్నది. ఏ తెర మీదైనా అదే తెరిచి చూపించమనేదాన్ని.

కొత్త పదిహేను అంగుళాలది తొమ్మిదిన్నర వేలు. పాతదానికంటే ఒక్క అంగుళం ఎక్కువ. ఆ అంగుళానికి నా కన్ను ఏమీ తేడా చెప్పలేదు. కొత్త పదిహేడు అంగుళాలది ఇరవై ఒక్క వేలు. టేపు పెట్టి మూల నుంచి మూలకు కొలిచాను. వెలిగే అద్దం పదహారుకు కూడా పావంగుళం తక్కువ.

"పదిహేడు ఎక్కడుందప్పా ఇందులో?"

"ప్లాస్టిక్ లోపల దాక్కున్న గాజు గూడా లెక్కలోకి వస్తాదమ్మా. కంపెనీ లెక్క."

"కనపడని గాజుతో నేనేం చేసుకోవల్ల?"

"మీరు టేపు సంచిలో పెట్టుకుంటే బాగా కనపడతాదమ్మా" అన్నాడు అతను. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి లేచాను. అప్పటి నుంచి పెట్టె మీద రాసిన అంకెను నమ్మలేదు.

పాత రేడియోలు, పాత కంప్యూటర్లు కొని అమ్మే ఒకాయన బజారు వెనక సందులో ఉండేవాడు. ఆయన దగ్గర ఇరవై అంగుళాల పాత తెరలు రెండు వచ్చాయని విన్నాను. బండ్రి దగ్గర ఏదో గని ఆఫీసులో పటాలు గీయడానికి వాడినవి. ఒక్కొక్కటి పదమూడు వేలు, కంప్యూటరులో పెట్టాల్సిన కార్డు దానితోనే. టేపుకు రెండూ పంతొమ్మిదికి చిల్లర తక్కువ పలికాయి. ఫ్లాపీ పెట్టి చేతి దూరంలో కూర్చున్నాను. పేజీ మొత్తం ఒకేసారి కనబడింది, అన్నిటికంటే చిన్న అక్షరంతో సహా. నాలుగేళ్లుగా కూర్చుతున్న పేజీలను మొదటిసారి నిండుగా చూడడం అదే.

తొందరపడలేదు. మూలల్లో గీతలు వంగుతున్నాయా అని చూశాను. ట్యూబులైటు ఆర్పించి, నల్లటి పేజీ వేయించి చూశాను. మొహం పక్కకు తిప్పి కంటి కొసతో చూశాను. అదిరే తెర అప్పుడు దొరికిపోతుంది. గంటసేపు వెలిగించే ఉంచి, వెనక ముక్కు పెట్టి కాలిన వాసన ఉందేమో చూశాను. రెండూ నెగ్గాయి. ఒకటి తెల్లగా, కొత్తదానిలా ఉంది. రెండోది పసుపెక్కి ఉంది, ఊదితే దాని చిల్లుల్లోంచి గని ఎర్రమన్ను రాలింది.

అప్పుడు అన్నకు కబురు పెట్టాను. ఆయన అంగడి కాటాను తోపుడుబండి మీద వేయించుకుని వచ్చాడు.

అమ్మే ఆయన నోరు తెరిచాడు. "క్యా భయ్యా, ఇదేమన్నా టమాటానా?"

"టమాటా అయితే నీ దగ్గరికెందుకు వస్తామప్పా? పెట్టు" అన్నాడు అన్న.

తెల్లది ఇరవై ఏడు కిలోలు. పసుపుది ముప్పైమూడు.

"హల్కాదే తీస్కో అక్కా, నయా మాల్. ఆ గాడిదను తీసేదానికి నాకే చాతకాదు" అన్నాడు ఆయన. అన్న నా వైపు చూశాడు, నేను అన్న వైపు చూశాను. మా ఇద్దరికీ ఒకటే నాయన. తరువాత చదువుకున్నవాళ్లు చెప్పారు, తెర మంచిచెడ్డలకు బరువుతో ఏ సంబంధమూ లేదని, మందపు గాజుకు బరువెక్కుతుందని. నిజమే కావచ్చు. ఆ పొద్దు మాకు ఆ సంగతి తెలియదు. బరువైనదాన్ని పన్నెండు వేలకు బేరం చేసి తీసుకున్నాం.

నా లెక్కలో బల్ల లేదు. ఉన్న బల్ల దాని కింద కాళ్లు చాపి కూలబోయింది. జీన్స్ ప్యాంట్లు కుట్టేచోట గుడ్డ కత్తిరించే పాత బల్ల ఒకటి పద్నాలుగు వందలకు కొనాల్సి వచ్చింది. హమాలీకి వంద. చేతిలో ఐదు వందలు మిగిలాయి. చెక్కమెట్ల మీద తెరను వీపున మోస్తూ హమాలీ సగంలో ఆగి, "ఏందక్కా ఇది, సండూరు ఖనిజమంతా ఇందులోనే పెట్టిండారా?" అన్నాడు.

బల్లను మెట్లు నా కుడి వైపుకు వచ్చేట్టు వేయించుకున్నాను. ఎడమ వైపు గోడ. అప్పటి నుంచి నా గదిలోకి ఎవరు వచ్చినా నాకు కనబడే వైపు నుంచే రావాలి.

రెండు నెలలు కంట్లో నీరు రాలేదు. కాగితాలు కుప్ప పోసిపోయిన ప్రెస్సాయన మళ్లీ పని తెచ్చాడు. చీటీ డబ్బు కట్టడం మొదలుపెట్టాను.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం. అన్న భోజనానికి పోయాడు. కింద ఒక పెళ్లివాళ్లకు ఇచ్చే లోటాల మీద పేర్లు చెక్కిస్తున్నారు. ఉలి, సుత్తి. ఒక లోటా అయిపోతే ఇంకోటి. ఆ మోతలో పక్కమనిషి మాట వినపడదు. నేను బడి పుస్తకం ఒకటి కూర్చుతున్నాను. మెట్ల మీద తల, తరువాత భుజాలు పైకి వచ్చాయి. ఎనిమిదేళ్ల తరువాత నా భర్తను మొదటిసారి కుడి కంటితో, ఎదురుగా చూశాను.

మా సామాను గదిలోకి ఎవరూ చెప్పులతో రారు. అన్నం వండే పాత్రలున్న చోటు. ఆయన కూడా చెప్పులు కింద విడిచి వచ్చాడు. పెళ్లాన్ని కొట్టడానికి వచ్చినా ఆ మర్యాద తప్పలేదు.

"గుడ్డిదానివి, నీకు టాకీసంత తెర ఎందుకే?"

"పనుండాది. దిగి పో."

"సున్నం కొట్టించి ఆర్నెల్లాయ. నీకు గాక ఎవురికి కొట్టించినా? లెయ్."

నేను లేవలేదు. జడ పట్టుకుని లేపాడు. తలను గోడకు కొట్టాడు, మళ్లీ కొట్టాడు. బేసిన్ల దొంతర కూలి గదంతా దొర్లింది. కింద సుత్తి ఆగలేదు. మా అంగట్లో బేసిన్లు పడడం రోజూ ఉండేదే. నేను రెండు చేతులూ కుడి కన్ను మీద పెట్టుకుని ముడుచుకుపోయాను. తల, వీపు, కడుపు ఆయనకు వదిలేశాను. కాలితో పక్కటెముకల మీద తన్నాడు. ఊపిరి బయటికి పోయి మళ్లీ లోపలికి రాలేదు.

"చెయ్యి తియ్యే. ఆ కన్ను గూడా చూస్తా."

ఒక్కొక్క వేలే ఊడదీయబోయాడు. చిటికెన వేలు వెనక్కి విరిచాడు. పచ్చి బెండకాయ తుంచినప్పటి చప్పుడు వచ్చింది. చెయ్యి మాత్రం తీయలేదు. ఆయనకు ఆయాసం వచ్చింది. వదిలేసి తల ఎత్తాడు. ఎదురుగా తెర మీద నేను కూర్చుతున్న పేజీ వెలుగుతోంది.

"దీన్ని చూసుకునే గదా నీకీ పొగరు. మెట్ల మీద నుంచి దొబ్బుతా సూడు."

తెరను రెండు చేతులా కావలించుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి చూస్తున్నాను.

"ముప్పైమూడు కిలోలు" అన్నాను.

"ఏంది?"

"దాని బరువు."

"నేను మూట బియ్యం మోసినోన్నే" అని నవ్వాడు.

మూట వీపు మీదికి ఒదుగుతుంది. తెరకు బరువంతా ముందున్న గాజులో ఉంటుంది, పట్టుకోవడానికి చెవులుండవు. ఎత్తాడు. బల్ల మీద నుంచి లేచింది కూడా. రొమ్ముకు ఆనించుకుని మెట్ల వైపు తిరిగాడు. వెనక తీగ మరలతో బిగించి ఉంది; అది లాగి పట్టింది. తెర ఆయన చేతుల్లో వాలింది, చెమట పట్టిన చొక్కా మీద జారింది, దాని కింది మూల వచ్చి కుడి పాదం మీద దిగింది.

ఎముక విరిగితే ఎట్లా ఉంటుందో నాకు కొత్త కాదు. కానీ ఇన్ని ఒక్కసారి విరగడం వినలేదు. ఆయన వెనక్కి కూలబడ్డాడు. పాదం తెర కిందే ఉంది, వేళ్ల వైపు నుంచి రక్తం నేల చెక్కల సందుల్లోకి పోతోంది. నోరు తెరిచి అరుస్తున్నాడు. కింద సుత్తి కొట్టుకుంటూనే ఉంది.

నేను కంటి మీది నుంచి చేతులు తీశాను. ముందు తెర వైపే చూశాను. పక్కకు ఒరిగి, వెలుగుతూనే ఉంది. పై మూలలో అరచెయ్యంత మేర వంకాయ రంగు మరక పడింది. మిగతా పేజీ అక్షరం చెదరకుండా ఉంది.

"తియ్యే. తియ్యే దీన్ని. నీ కాళ్లు మొక్కుతా, తియ్యే."

ముప్పైమూడు కిలోలు నేను ఎత్తలేను. అది ఆయనకు ముందే చెప్పాను. బల్ల దగ్గరికి పోయి, విరిగిన వేలును పక్కకు పెట్టి, మిగతా వేళ్లతో పేజీ సేవ్ చేశాను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. తరువాత గోడ పట్టుకుని మెట్లు దిగి, పేర్లు చెక్కే ఆయన భుజం తట్టాను. ఆయన నా మొహం చూసి సుత్తి కింద పెట్టాడు. అప్పుడు అందరికీ అరుపు వినపడింది.

పెద్దాసుపత్రిలో ఆయన పాదానికి మూడు వేళ్లు తీసేశారు. నా చిటికెన వేలికి అదే ఆసుపత్రిలో, అదే సాయంత్రం కట్టు కట్టారు.

పది రోజులకు కులపెద్దలు వచ్చారు. అదే జంపఖానా పరిచాం. ఎనిమిదేళ్ల కింద తీర్పు చెప్పిన పెద్దాయనే మాట ఎత్తాడు.

"కాలు పోయినోడు తల్లీ. ఇప్పుడన్నా పోయి చూసుకో. ఆ డబ్బా గూడా పగిలిపాయె. ఇంక నీకు ఈడ సంపాదనేముంది?"

"పైకి రాండి" అన్నాను.

చెప్పులు విడిచి, ఒకరి వెనక ఒకరు చెక్కమెట్లెక్కి వచ్చారు. మీట నొక్కాను. తెర మెల్లగా వెలిగింది. ప్లాస్టిక్ మూల పగిలింది, పక్కన చొట్ట, పైన వంకాయ రంగు. పేజీ తెరిచాను. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగి చూశాడు.

"ఈ మరకేంది?"

"దెబ్బ తగిలింది. పనికి అడ్డం రాదు."

"సొట్టపోయింది గదమ్మా. ఇంకెన్నాళ్లు వస్తాది?"

అంతవరకూ మా అన్న మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మొదటి పంచాయితీ నుంచి ఆయన నోట్లో ముందు పళ్లు రెండు లేవు. అందుకే నలుగురిలో పెద్దగా నోరు తెరవడు. ఆ పొద్దు తెరిచాడు.

"పెద్దాయనా, మా అంగట్లో సొట్టపోయిన బిందె తెస్తే మేమేం చేస్తాం? కాటా మీద పెడతాం. సొట్టకు పైసా తగ్గించం. నిన్న దీన్ని పెట్టి చూసినా. ముప్పైమూడే ఉండాది." ఊపిరి తీసుకున్నాడు. "ఆయమ్మ కూడు ఆయమ్మ తింటాంది. మీరు చెప్పిన మాటే. ఇంక ఆయమ్మను పిలిచేదానికి ఎవురూ ఈ మెట్లు ఎక్కొద్దు."

పెద్దాయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. దిగిపోయారు. కింద చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినపడింది.

నా భర్త ఆ తరువాత ఎప్పుడూ రాలేదు. ఆ కాలితో మా మెట్లు ఎక్కలేడని కొందరన్నారు, రావడానికి మొహం లేదని కొందరన్నారు. నేను అడగలేదు. ఆ తెర మీద ఇంకా తొమ్మిదేళ్లు పని చేశాను. పేజీ ఏదైనా ఆ పై మూలలో అక్షరం పడకుండా కొంచెం పక్కకు జరిపి కూర్చేదాన్ని. చిటికెన వేలు తిన్నగా రాలేదు. దాని మీటలు పక్కవేలు నొక్కడం నేర్చుకుంది.